మా వాడి మోహాక్ సంగతి: ఏది ఎంచుకున్నాం, ఎలా కాపాడుకుంటున్నాం

ముందే ఒక మాట చెప్పేస్తే మిగతాదంతా అర్థమవుతుంది. మాది తెనాలి, పెళ్ళయ్యాక ఉంటున్నది హ్యూస్టన్ పక్కన పియర్లాండ్‌లో, మా ఆయన హ్యూస్టన్ థర్డ్ వార్డ్‌లో పుట్టి పెరిగిన బ్లాక్ అమెరికన్. మా వాడికి 16 ఏళ్ళు. ముక్కూ నవ్వూ మా నాన్నవి, జుట్టు మాత్రం అచ్చంగా వాళ్ళ నాన్న వైపుది, పెన్నులో స్ప్రింగు ఉంటుంది చూడండి దానికంటే సన్నగా చుట్టుకుపోయిన ఉంగరాలు. లాగితే జానెడు వస్తుంది, వదిలేస్తే నాలుగు వేళ్ళే. అలాంటి జుట్టుతో వాడు మోహాక్, అంటే పక్కలు తగ్గించి నడినెత్తిన పట్టీలా జుట్టు ఉంచే కట్, పెట్టించుకుంటానన్నాడు. ఏ రకం ఎంచుకోవాలి దగ్గర్నుంచి రాత్రి తలకి ఏం కట్టుకుని పడుకోవాలి దాకా మేం ఏం చేసామో రాస్తున్నా. మనవాళ్ళలో నాలాగా బ్లాక్ కుటుంబాల్లోకి వెళ్ళిన ఆడపిల్లలు, రింగుల జుట్టు పిల్లల్ని పెంచుతున్న అమ్మలు ఈ మధ్య బాగానే కనిపిస్తున్నారు, వాళ్ళకి తెలుగులో ఈ సంగతులు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు మరి.

మోహాక్ అనగానే నాకు గుర్తొచ్చింది జెల్ పూసి మేకుల్లా నిలబెట్టిన పంక్ వాళ్ళ తలలు. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఆ మాట వినగానే ఒప్పుకోలేదు. ఆయనకి మోహాక్ అంటే మిస్టర్ టీ. 1980ల్లో టీవీలో బంగారు గొలుసులు వేసుకుని కనిపించేవాడే, ఆయన. ఆ స్టైల్ తనకెక్కడిదో మిస్టర్ టీ చాలాసార్లు చెప్పాడట, నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో పశ్చిమ ఆఫ్రికా మండింకా యోధుడి ఫోటో చూసి పెట్టించుకున్నానని. మా బావగారు కూడా కుర్రతనంలో అలాగే గొరిగించుకుని వాళ్ళమ్మ చేతిలో తన్నులు తిన్నారు, ఆ ఫోటో ఇప్పటికీ ఉంది మా అత్తగారి ఆల్బంలో. అసలు మోహాక్ అనే ఆదివాసీ తెగ వాళ్ళేమో న్యూయార్క్, కెనడా సరిహద్దు వైపు వాళ్ళు, వాళ్ళలో మగవాళ్ళు నడినెత్తిన కొంచెం జుట్టు ఉంచి మిగతాది గొరగడం కాదు, పీకేసేవాళ్ళట. నుదుటి నుంచి మెడ దాకా పట్టీలా ఉంచడం తర్వాత్తర్వాత వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో 1944లో నార్మండీకి దూకబోయే ముందు అమెరికన్ పారాట్రూపర్లు కొంతమంది ఇలా గొరిగించుకున్న ఫోటోలు ఉన్నాయి. సరే చరిత్ర అక్కడితో చాలు, వాడికి కావాల్సింది అదేం కాదు, వాడి ఫోన్లో ఓ ముప్పై ఫోటోలు సేవ్ చేసి ఉన్నాయి, ఒక్కోటీ ఒక్కో రకం.

ఫోటోలు చూసి ఎంచుకోవద్దు అన్నాడు మా ఆయన. ఇది మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. మన జుట్టుకి మోహాక్ పెడితే దాన్ని నిలబెట్టడమే పెద్ద పని, జెల్, స్ప్రే, డ్రయ్యర్, అన్నీ కావాలి. వీళ్ళ జుట్టుకి నిలబడటం పుట్టుకతోనే వచ్చింది, దువ్వి వదిలేస్తే అదే నిలబడుతుంది. వీళ్ళ సమస్య ఎండిపోవడం. వెంట్రుక అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా కాకుండా నొక్కేసినట్టు ఉంటుంది, మెలికలు తిరిగి పెరుగుతుంది కాబట్టి మాడు మీద పుట్టే నూనె కింది దాకా జారదు, పైగా ప్రతి మెలిక దగ్గరా వెంట్రుక బలహీనంగా ఉంటుంది, ఎండిందంటే అక్కడే పుటుక్కున తెగుతుంది. పక్కలు గొరిగేసి మధ్యలో ఒక్క పట్టీ ఉంచినప్పుడు ఆ పట్టీలో తెగిన వెంట్రుకలు దాక్కోడానికి చోటు ఉండదు, పలచబడితే ఎదురుగానే తెలిసిపోతుంది. అందుకే ఏ మోహాక్ బావుంది అని కాదు, దేన్ని రోజూ చూసుకోగలవు అని అడిగాడు వాణ్ణి.

జుట్టు రకానికి వీళ్ళు నంబర్లు చెప్తారు, 3సీ, 4ఏ, 4సీ అలా. ఓప్రా విన్‌ఫ్రీకి జుట్టు చేసిన ఆండ్రే వాకర్ అనే ఆయన 1990ల్లో మొదలుపెట్టిన లెక్క, 1 అంటే సాఫు జుట్టు, 4 అంటే బాగా బిగుతు ఉంగరాలు, 4సీ లాంటివి తర్వాత జనం కలుపుకున్నవి. మా వాడిది పైన 4ఏ, మెడ దగ్గర ఇంకా బిగుతు. ఒకే తల మీద రెండు రకాలు ఉండటం మామూలేనంట. ఈ నంబర్ల పిచ్చి నాకు పెద్దగా లేదు గానీ ఒక ఉపయోగం ఉంది, ఫోటోలో ఉన్నవాడి జుట్టు 3బీ అయి మనది 4సీ అయితే ఆ కట్ మన తల మీద అలా రాదు అని ముందే తెలుస్తుంది. వాడు సేవ్ చేసిన ముప్పైలో సగం అక్కడే ఎగిరిపోయాయి.

మిగిలినవాటి మీద ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఫ్రోహాక్ అంటే ఆఫ్రో జుట్టే, పక్కలు తగ్గించి మధ్యలో ఉన్నదాన్ని ఉన్నట్టు పెంచడం, దువ్వుతో పైకి లేపుకోవడం. బర్స్ట్ ఫేడ్ మోహాక్ అంటే చెవి చుట్టూ అర్ధచంద్రాకారంలో జుట్టు క్రమంగా తగ్గుతూ చర్మంలో కలిసిపోతుంది, వెనక మెడ దాకా పట్టీ అలాగే దిగుతుంది, దీన్నే పాటల ఉషర్ పెట్టుకున్నాక సౌత్ ఆఫ్ ఫ్రాన్స్ అని కూడా అంటున్నారు. జడల మోహాక్‌లో అసలు గొరగడమే ఉండదు, పక్కలు కార్న్‌రోస్ అని మాడుకి అంటుకునే సన్న జడలు అల్లేసి మధ్యలో మాత్రం వదిలేస్తారు, నచ్చకపోతే విప్పేసుకోవచ్చు, స్కూల్లోనో ఆఫీసులోనో ఇబ్బంది ఉన్నవాళ్ళకి ఇదే మంచిదని నా ఉద్దేశం. లాక్స్ అంటే పాయలు పాయలుగా అతుక్కుని తాళ్ళలా పెరిగే జుట్టు, లాక్స్ మోహాక్ చూడ్డానికి అదిరిపోతుంది గానీ లాక్స్ రావడానికే ఏడాది పైన పడుతుంది, వద్దనుకుంటే విప్పడం చాలా కష్టం, మామూలుగా కత్తిరించుకోవడమే. ఇంకోటి పొట్టి జుట్టుకి స్పాంజ్‌తో తిప్పి చిన్న చిన్న ముడులు తెప్పించేది. వాడు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాడు, హెల్మెట్ వేసుకోవాలి, హ్యూస్టన్ ఎండా చెమటా మీకు తెలిసిందే, జడల కోసం గంటల తరబడి కూర్చునే ఓపిక వాడికి లేదు. కాబట్టి బర్స్ట్ ఫేడ్‌తో ఫ్రోహాక్, పట్టీ మరీ సన్నంగా వద్దు, అని తేలింది.

బార్బర్ దగ్గరికి వెళ్ళేముందు స్కూల్ హ్యాండ్‌బుక్ తీసి డ్రెస్ కోడ్ చదివా. మా ఆయన నవ్వాడు గానీ టెక్సాస్‌లో ఉన్నవాళ్ళు ఇది తేలిగ్గా తీసుకోకండి. ఇక్కడ క్రౌన్ యాక్ట్ అని 2023 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది, జుట్టు సహజ తీరు, జడలు, లాక్స్, ట్విస్ట్స్ కారణంగా స్కూల్లో గానీ ఉద్యోగంలో గానీ వివక్ష చూపకూడదని. మొదట 2019లో కాలిఫోర్నియా తెచ్చింది. కానీ అది అమల్లోకి వచ్చిన వారంలోనే హ్యూస్టన్‌కి తూర్పున మాంట్ బెల్వియూలో బార్బర్స్ హిల్ హైస్కూల్లో ఒక బ్లాక్ కుర్రాణ్ణి లాక్స్ పొడుగు ఎక్కువైందని సస్పెండ్ చేసారు, నెత్తి మీద ముడేసుకుని వచ్చినా సరే, విప్పితే కనుబొమల కిందికి వస్తుంది కదా అని వాళ్ళ వాదన. 2024 ఫిబ్రవరిలో జడ్జి స్కూల్ వైపే తీర్పిచ్చాడు, చట్టంలో పొడుగు గురించి ఏం లేదని. మోహాక్ అనే మాట కూడా చట్టంలో లేదు. మా స్కూల్ రూల్స్‌లో జుట్టు గురించి ఒక లైనే ఉంది, క్లాసుకి ఆటంకం కలిగించకూడదు అని, ఆ లైనుకి ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకోవచ్చు, అందుకని వాడి కోచ్‌కి ముందే ఒక మెయిల్ పెట్టించా వాడి చేతే. ఓకే అని ఒక్క ముక్కలో జవాబు వచ్చింది, దాచుకున్నా.

బార్బర్ షాప్ థర్డ్ వార్డ్‌లో, ఎమాన్సిపేషన్ పార్క్‌కి దగ్గర్లోనే. ఆ పార్క్ కథ మా ఆయన ప్రతిసారీ చెప్తాడు, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళు 1872లో చందాలేసుకుని కొన్న స్థలం అది, విముక్తి రోజు పండగ చేసుకోడానికి. మా మావగారి జుట్టు కత్తిరించిన షాపే ఇది, ఇప్పుడు కుర్చీ దగ్గర ఉన్నది ఆ బార్బర్ కొడుకు, ఆయనకే అరవై దాటాయి. శనివారం పొద్దున ఇసకేస్తే రాలదు, మేం బుధవారం సాయంత్రం వెళ్ళాం. రావడానికి ముందు తల కడిగి, చిక్కులు తీసి, నూనె గానీ క్రీమ్ గానీ ఏం పూయకుండా, పిక్‌తో, అంటే పొడుగు పళ్ళ దువ్వెనతో, పైకి లేపి రమ్మన్నాడు. నూనె ఉంటే క్లిప్పర్ బ్లేడుకి వెంట్రుకలు అతుక్కుంటాయి, చిక్కు ఉంటే ఆకారం తప్పుతుంది. కత్తిరించేది కూడా పొడి జుట్టు మీదే, లాగి లేపి. తడి మీద కత్తిరిస్తే ఆరాక ముడుచుకుపోయి అనుకున్నదానికంటే బాగా పొట్టిగా తేలుతుంది.

నేను ఫోటో చూపించబోతుంటే ఆయన చూళ్ళేదు, వాడి తల రెండు చేతులతో పట్టుకుని వెనక ఎముక ఎక్కడ ఉబ్బి ఉందో తడిమాడు, మెడ వెనక వేలితో రాసి చూసాడు. మాడు వెనక చదునుగా ఉన్నవాళ్ళకి పట్టీ అక్కడ కొంచెం మందంగా వదలాలంట, లేకపోతే పక్క నుంచి చూస్తే తల కోసేసినట్టు ఉంటుంది. వాడిది పొడుగు మొహం, పట్టీ సన్నగా ఎత్తుగా ఉంటే మొహం ఇంకా సాగినట్టు కనిపిస్తుంది, కాబట్టి వెడల్పు కనుబొమ వంపు దాకా పెట్టి, ఎత్తు ముందు కాకుండా నడినెత్తిన ఎక్కువ వచ్చేట్టు చేద్దాం అన్నాడు. మా వాడు ముందు ఎత్తు కావాలని గునిసాడు. ఆయన సమాధానం చెప్పకుండా అద్దంలో జుట్టుని అలా ఒకసారి, ఇలా ఒకసారి పట్టుకుని చూపించాడు. వాడే ఒప్పుకున్నాడు.

ఇక ఫేడ్. గార్డ్ అంటే క్లిప్పర్‌కి తగిలించే దువ్వెన, పై గీత దగ్గర 2 నంబర్ గార్డ్, అంటే దాదాపు 6 మిల్లీమీటర్లు, దాని కింద 1, అది 3 మిల్లీమీటర్లు, తర్వాత గార్డ్ తీసేసి క్లిప్పర్ పక్కనుండే లివర్ తెరిచి మూసి తెరిచి మూసి, గీత ఎక్కడుందో కనపడకుండా చెరిపేస్తాడు. చూస్తుంటే అలా చూడాలనిపిస్తుంది. కానీ నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఆయన ఏం చేయలేదో. చెవి చుట్టూ మరీ చర్మం దాకా పోనివ్వలేదు, మెడ వెనక అసలు కత్తి పెట్టలేదు. ఎందుకంటే ఈ జుట్టుని నున్నగా గీసేస్తే తెగిన కొస వంకర తిరిగి మళ్ళీ చర్మంలోకే గుచ్చుకుంటుంది, పొక్కులు లేస్తాయి. మెడ వెనక అయితే ఆ పొక్కులు గట్టిపడి మచ్చలుగా, గడ్డలుగా కూడా మారతాయి, డాక్టర్లు యాక్నీ కెలాయిడాలిస్ అంటారు, బ్లాక్ మగవాళ్ళలో బాగా కనిపించే సమస్య. మా ఆయన మెడ మీద కుర్రతనంలో వచ్చినవి ఇప్పటికీ చేతికి తగులుతాయి. కాబట్టి మోహాక్ కావాలనుకునేవాళ్ళు స్కిన్ ఫేడ్ అడిగేముందు మెడ వెనక ఒకసారి తడుముకోండి, పొక్కులు ఉంటే ముందు స్కిన్ డాక్టర్, తర్వాతే బార్బర్. ఇంకో సంగతి, నుదుటి దగ్గర లైనప్ చేసేటప్పుడు గీత పదునుగా రావాలని సహజ గీత కంటే వెనక్కి నెట్టే బార్బర్లు ఉంటారు, ప్రతిసారీ కాస్త కాస్త వెనక్కి పోయి పాతికేళ్ళకే నుదురు పెద్దదిగా కనిపిస్తుంది. ఈయన మాత్రం ఉన్న గీత మీదే గీసాడు. 40 డాలర్లు, టిప్ 10. మా ఆయన పెట్టిన రూల్ ఏంటంటే ఒకసారి మేం కడతాం, ఇంకోసారి వాడి పాకెట్ మనీలోంచి. జుట్టు నెలకి సుమారు సెంటీమీటరుంబావు పెరుగుతుంది, పైన అది లెక్కలోకి రాదు, పక్కల మాత్రం రెండు వారాలకే ఫేడ్ మసకబారిపోతుంది. అంటే ఈ కట్ ఖర్చంతా గొరిగేసిన చోటే. సన్న పట్టీ పెట్టి పక్కలు మొత్తం సున్నా చేయించుకుంటే వారానికే గరుగ్గా తయారవుతుంది, బడ్జెట్ తక్కువైతే లో టేపర్‌తో, అంటే చెవుల అంచునా మెడ దగ్గరా మాత్రమే కొంచెం తగ్గించే దాంతో, సరిపెట్టుకోండి, మూడు నాలుగు వారాలు ఆగుతుంది.

ఇప్పుడు ఇంట్లో పని. రాత్రి దగ్గర మొదలుపెడతా, ఎందుకంటే పగలు ఏం పూసినా రాత్రి దిండు లాగేసుకుంటుంది. కాటన్ దిండు గలీబు తడిని పీల్చేస్తుంది, పైగా రాపిడికి వెంట్రుక తెగుతుంది. శాటిన్ బానెట్, అంటే జుట్టంతా కప్పే వదులు టోపీ, పెట్టుకోవాలి. 16 ఏళ్ళ కుర్రాడు అమ్మమ్మ టోపీలా ఉందని పెట్టుకోడు. డ్యూరాగ్, అంటే తలకి బిగించి కట్టుకునే గుడ్డ, కడతానన్నాడు, అది స్టైల్ కదా, కానీ డ్యూరాగ్ పని జుట్టుని నొక్కి పట్టడం, అలలు తెప్పించుకునేవాళ్ళకి మంచిది, మోహాక్‌ని అణగదొక్కేస్తుంది. చివరికి లోపల శాటిన్ లైనింగ్ ఉన్న వదులు టోపీ ఒకటి దొరికింది, దాంతోపాటు దిండుకి కూడా శాటిన్ గలీబే వేసేసా, నిద్రలో టోపీ ఊడినా ఇబ్బంది లేకుండా.

పొద్దున్న స్ప్రే బాటిల్లో మంచినీళ్ళు, అందులో కొంచెం లీవ్ ఇన్ కండిషనర్ (కడిగెయ్యక్కర్లేనిది), పొగలా కొట్టాలి, తడిసి ముద్దవకూడదు. తర్వాత నాలుగైదు చుక్కల నూనె, ఆ పైన కొంచెం క్రీమ్. నీళ్ళు ముందు, నూనె తర్వాత, ఈ వరస తిరగెయ్యకండి, నూనె తడిని లోపల పట్టి ఉంచడానికే గానీ నూనె ఒక్కటే తడి ఇవ్వదు. చలికాలంలో క్రీమ్ బదులు షియా బటర్, పశ్చిమ ఆఫ్రికా చెట్టు గింజల్లోంచి తీసే వెన్న, అరచేతిలో కరిగించి కొసలకి రాయాలి. హ్యూస్టన్ లాంటి ఉక్కపోత ఊళ్ళో గ్లిజరిన్ ఎక్కువున్న క్రీములు వేసవిలో పక్కన పెట్టండి, గ్లిజరిన్ గాల్లో తేమ లాగి జుట్టు ఉబ్బిపోతుంది, ఉంగరాలన్నీ చెదిరి మోహాక్ కాస్తా కాలీఫ్లవర్ అయి కూర్చుంటుంది. ఆ తర్వాత పిక్‌తో కుదుళ్ళ దగ్గర మాత్రమే లేపాలి, కొసల దాకా లాగకూడదు. మొత్తం అయిదు నిమిషాల పని, వాడికి అద్దం ముందు ఇరవై పడుతుంది, అది వేరే సంగతి.

తలస్నానం వారానికోసారి, ఒక్కోసారి పది రోజులకి. మన ఇళ్ళల్లో ఇది వింటే ముక్కు మీద వేలేసుకుంటారు గానీ అమెరికా చర్మ వైద్యుల సంఘం కూడా ఇలాంటి జుట్టుకి వారానికి ఒకసారి లేదా రెండు వారాలకోసారి చాలంటుంది. చిక్కులు పొడి మీద తీయకూడదు, కండిషనర్ దట్టంగా పట్టించి, కొసల నుంచి మొదలుపెట్టి వేళ్ళతో, తర్వాత పెద్ద పళ్ళ దువ్వెనతో. ఫుట్‌బాల్ ప్రాక్టీస్ రోజుల్లో మాత్రం చెమట ఉప్పు ఉంచకూడదు, అలాగని రోజూ షాంపూ అయితే జుట్టు ఎండుగడ్డిలా అయిపోతుంది, కాబట్టి ఆ రోజుల్లో నీళ్ళతో కడిగి కండిషనర్ ఒక్కటే. హెల్మెట్ కింద శాటిన్ లాంటి పల్చటి క్యాప్ వేసుకుంటాడు, ప్యాడ్ రాపిడికి నడినెత్తిన తెగకుండా. ఇంకోటి ఎవరూ చెప్పరు, గొరిగిన పక్కలకి సన్‌స్క్రీన్. నల్ల చర్మం కాలదు అనేది ఉత్త మాట, ఆగస్టులో రెండు గంటలు గ్రౌండ్‌లో నిలబడితే చెవుల పైన మండిపోయి పొట్టు లేచింది. తెల్లగా పేరుకోని జెల్ రకం చూసి కొనండి.

మాడుకి నూనె పట్టించే విషయంలో మా అమ్మతో వీడియో కాల్‌లో పెద్ద యుద్ధం. "తల ఎండిపోయి ఉంది బిడ్డకి, కాస్త నూనె రాయవే" అని. జుట్టుకి రాస్తున్నానమ్మా, మాడుకి వద్దంటున్నా, వాడికి అప్పుడప్పుడూ చుండ్రు వస్తుంది, ఆ చుండ్రు తెప్పించే ఫంగస్‌కి నూనె అంటే విందు భోజనం అని ఎంత చెప్పినా ఆమెకి ఎక్కలేదు. కానీ వేసవి సెలవులకి తెనాలి వెళ్ళినప్పుడు ఆమె పద్ధతే ఒకటి కలిసొచ్చింది. స్నానానికి గంట ముందు కొబ్బరి నూనె జుట్టుకి పట్టించి అప్పుడు తలంటడం. ఇక్కడ బ్లాక్ ఆడవాళ్ళు కూడా షాంపూకి ముందు నూనె పట్టించడం మామూలే, కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి ఇంకి కడిగేటప్పుడు దెబ్బ తినకుండా కాస్తుంది. కుంకుడుకాయ మాత్రం వద్దన్నా, ఈ జుట్టుకి మరీ పొడిబారిపోతుంది. మా ఇంట్లో బోరు నీళ్ళు కఠినంగా ఉంటాయి, కడిగాక ఆఖరి చెంబు మాత్రం ఫిల్టర్ నీళ్ళు పోసేవాళ్ళం, తేడా చేత్తో పట్టుకుంటే తెలిసేది.

తెనాలిలో ఉండగా ఫేడ్ పెరిగిపోయింది, సెలూన్‌కి తీసుకెళ్ళాం. భయపడ్డా గానీ ఫేడ్ వేయడంలో మన కుర్ర బార్బర్లు ఏం తక్కువ కాదు, క్రికెటర్ల పుణ్యమా అని రోజూ వేస్తున్నారు. తేడా వచ్చేది పైన. దువ్వెన పెట్టి పొడి జుట్టు మీద లాగబోయాడు, నీళ్ళ స్ప్రే తీసాడు. మా వాడు వచ్చీరాని తెలుగులో "అన్నా, పైన ముట్టుకోవద్దు, పక్కలే, మెడకి బ్లేడ్ వద్దు" అన్నాడు. అతను నవ్వి సరే తమ్ముడూ అని గార్డ్‌లన్నీ బల్ల మీద పరిచి ఏది కావాలో వాణ్ణే చూపించమన్నాడు. ఇండియాలో ఎక్కడికెళ్ళినా ఇదే పద్ధతి, గార్డ్ నంబర్లు గుర్తుపెట్టుకుని చెప్పడం, పైన చేయి పెట్టనివ్వకపోవడం. వీధిలో అందరూ పెర్మింగ్ చేయించారా అని అడిగారు, ఇద్దరు ముగ్గురు అడక్కుండానే చేయి పెట్టి చూసారు. మొదట్లో నవ్వి ఊరుకునేవాడు, తర్వాత తల వెనక్కి జరిపేవాడు. మా అమ్మే పక్కింటావిడకి చెప్పింది, పిల్లాడి తల మీద చేతులేసే ముందు అడుగు అని.

రంగు సంగతి కూడా చెప్పాలి. ఓడెల్ బెక్‌హమ్ జూనియర్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు నెత్తి మీద జుట్టుకి బ్లాండ్ రంగు వేసుకున్నప్పటి నుంచి అమెరికాలో సగం మంది కుర్రాళ్ళకి అదే పిచ్చి. మా వాడూ అడిగాడు. బ్లీచ్ అంటే వెంట్రుక లోపలి రంగు పోగొట్టడం, దాంతో లోపలి నిర్మాణం కూడా దెబ్బతింటుంది, మెలికల దగ్గర అసలే బలహీనమైన జుట్టుకి అది ఇంకా గట్టి దెబ్బ, పైగా కొసలు పొడిబారి తెగితే మళ్ళీ పట్టీ అంతా కత్తిరించుకోవాలి. వద్దు అని గట్టిగా చెప్పకుండా రంగు మైనం తెచ్చిచ్చా, రాసుకుంటే ఆ పూటకి బంగారు రంగు, కడిగితే పోతుంది. స్కూల్ హోమ్‌కమింగ్ ఆటకి రాసుకెళ్ళాడు, దిండు గలీబు పాడైంది, జుట్టు మాత్రం భద్రం.

పట్టీ బాగా పెరిగాక రెండు పాయల ట్విస్టులు మొదలుపెట్టాం. ఆదివారం సాయంత్రం తల కడిగి, తడి మీద క్రీమ్ రాసి, చిన్న చిన్న పాయలు తీసి రెండేసి మెలేస్తాం, నేనూ వాళ్ళ నాన్నా చెరో పక్క. రెండు వారాలు ఉంచి విప్పితే ఉంగరాలు విడివిడిగా ఎంత అందంగా వస్తాయో. నాకు చిన్నప్పుడు జడలు గట్టిగా లాగి వేసిన అలవాటు, మా ఆడపడుచు చెయ్యి పట్టుకుని ఆపేది, కుదుళ్ళ దగ్గర బిగించకు అని. మాడు చర్మం లాగినట్టు నొప్పి పుట్టినా, చిన్న చిన్న పొక్కులు లేచినా అది బిగుతు ఎక్కువైనట్టే, అలాగే కొనసాగిస్తే అంచుల దగ్గర జుట్టు ఊడి కుదుళ్ళు చచ్చిపోతాయి, తిరిగి రాదు. మోహాక్‌లో అంచు వెంట్రుకలే అందం కాబట్టి పట్టీ అంచున ఉన్న పాయల్ని మిగతావాటికంటే వదులుగా తిప్పుతాం.

ప్రస్తుతం వాడికి జడల మోహాక్ మీదకి మనసు మళ్ళింది. కార్న్‌రోస్ అల్లాలంటే పక్కల కనీసం అయిదు సెంటీమీటర్ల జుట్టు ఉండాలి, అంటే నాలుగు నెలలు పక్కలు పెంచాలి, మధ్యలో తల అటూ ఇటూ కాని ఆకారంలో ఉంటుంది. బార్బర్ ఒక దారి చెప్పాడు, పక్కల ఏం ముట్టుకోకుండా చెవుల అంచునా మెడ దగ్గరా మాత్రం చిన్న టేపర్, ముందు లైనప్ శుభ్రంగా ఉంచితే పెంచుతున్నట్టు తెలుస్తుంది గానీ పట్టించుకోనట్టు కనిపించదు అని. దానికి సగం డబ్బులే తీసుకుంటున్నాడు. మా ఆయన కూడా మొన్న కుర్చీలో కూర్చుని నాకూ ఒక మోహాక్ పెట్టు అన్నాడు, బార్బర్ క్లిప్పర్ ఆపి మా ఆయన నడినెత్తి వైపు ఓ చూపు చూసి, నీకు పక్కల పెట్టాల్సొస్తుంది అన్నాడు.